కారు అమ్ముతున్నారా? తాళం చెయ్యి దాటే ముందు ఇది చదవండి

మా కారు అమ్మకానికి పెట్టి పావుగంట కూడా కాలేదు, మొదటి మెసేజ్ వచ్చేసింది. "కారు ఉందా అండీ? మీరు పెట్టిన రేటుకే తీసుకుంటా, బేరం ఆడను, ఈ రోజే ఫైనల్ చేద్దాం." తొమ్మిదేళ్లు నడిపిన కారు. అమ్ముడుపోవడానికి నెలైనా పడుతుందనుకున్నాను కాబట్టి ఆ మెసేజ్ చూడగానే నిజంగా సంతోషమేసింది, ఇంట్లో అందరికీ చూపించాను కూడా. మా అక్క ఫోన్ తీసుకుని మెసేజ్‌లన్నీ పైనుంచి కిందికి చదివి ఒకే మాట అడిగింది, "కారు గురించి ఇతను నిన్ను ఏమడిగాడు?" అని.

ఏమీ అడగలేదు. ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, టైర్లు ఎప్పుడు మార్చారు, ఎక్కడైనా గుద్దుకుందా, ఒక్క ప్రశ్న కూడా లేదు. కుండ కొనేటప్పుడు కూడా కొట్టి చూసి కొంటాం. అలాంటిది కారుని కళ్లతో చూడకుండా, బేరం ఆడకుండా కొనేస్తానంటున్నాడంటే అతనికి కావాల్సింది కారు కాదు. ఆ ఒక్క ప్రశ్నతో నా సంతోషం దిగిపోయింది కానీ, ఆ తర్వాత ఆరు వారాలు నేను చూసినవి, తెలిసినవాళ్ల దగ్గర విన్నవి, చదివి తెలుసుకున్నవి అన్నీ ఆ ప్రశ్న దగ్గరే మొదలయ్యాయి. కారు కొనేవాళ్లు మోసపోకుండా ఏం చూసుకోవాలో చెప్పేవాళ్లు బోలెడంతమంది ఉన్నారు, అమ్మేవాళ్ల గురించి అంతగా ఎవరూ చెప్పరు. అందుకే రాస్తున్నాను.

ఆ మొదటి మనిషి కథ పూర్తి చేస్తా. అతను ఊళ్లో లేడట, వేరే చోట ఉద్యోగమట, కారుని తీసుకెళ్లడానికి ట్రాన్స్‌పోర్ట్ వాళ్లని పంపిస్తాడట. డబ్బు ముందే వేసేస్తాను, అందులో ట్రాన్స్‌పోర్ట్ ఖర్చు కూడా కలిపి వేస్తాను, ఆ మిగిలింది మీరు వాళ్లకి ఇచ్చేయండి అన్నాడు. వినడానికి ఎంత మామూలుగా ఉందో చూడండి. చాలా దేశాల్లో ఏళ్ల తరబడి నడుస్తున్న మోసం ఇదే. ఎక్కువ డబ్బుకి చెక్కు ఇస్తారు, లేదా వేసినట్టు చూపిస్తారు, ఆ "ఎక్కువ" భాగాన్ని మీ చేత వెంటనే ఇంకొకరికి పంపిస్తారు. కొన్ని రోజులకి అసలు చెక్కే నకిలీదని తేలుతుంది, అప్పటికి మీరు పంపింది మాత్రం మీ సొంత డబ్బు, అది వెళ్లిపోయింది. కారు కూడా వెళ్లిపోయి ఉంటే ఇక చెప్పక్కర్లేదు. ఎవరైనా సరే, ఏ కారణం చెప్పినా సరే, అనుకున్న రేటు కంటే ఒక్క రూపాయి ఎక్కువ వేసి మిగిలింది తిరిగి పంపమంటే అక్కడితో మాటలు ఆపేయండి. నిజంగా కొనేవాళ్లకి ట్రాన్స్‌పోర్ట్ వాళ్లతో పని ఉంటే వాళ్లే నేరుగా కట్టుకుంటారు, మధ్యలో మనం ఎందుకు?

చెక్కు విషయంలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది, నాకూ తెలియదు. చెక్కు వేసిన ఒకటి రెండు రోజుల్లో మన ఖాతాలో బ్యాలెన్స్ పెరిగినట్టు కనిపించవచ్చు, కొన్ని బ్యాంకుల్లో ఆ డబ్బు వాడుకోనిస్తారు కూడా. అంతమాత్రాన ఆ చెక్కు పాసైనట్టు కాదు. ఇచ్చిన బ్యాంకు నుంచి డబ్బు రావడం వేరు, మన బ్యాంకు తాత్కాలికంగా జమ చూపించడం వేరు. తర్వాత చెక్కు చెల్లదని తేలితే ఆ మొత్తాన్ని మన ఖాతాలోంచే వెనక్కి తీసుకుంటారు, ఖర్చుపెట్టేసి ఉంటే మనమే బాకీ పడతాం. బ్యాంకే స్వయంగా ఇచ్చే చెక్కులు, డీడీలు గట్టివని మనకో నమ్మకం. అచ్చం వాటిలాగే ముద్రించేవాళ్లున్నారు, కాగితం మీద లోగో, సంతకం, ఫోన్ నంబర్ అన్నీ ఉంటాయి, అనుమానం వచ్చి ఆ నంబర్‌కి ఫోన్ చేస్తే "అవునండీ, మా బ్యాంకు చెక్కే" అని చెప్పే మనిషి కూడా ఉంటాడు. ఆ మనిషీ వాళ్లవాడే. కాబట్టి కాగితం మీద ఉన్న నంబర్‌కి కాదు, ఆ బ్యాంకు నంబర్ మీరే విడిగా వెతికి పట్టుకుని చెయ్యాలి. ఇంకా మంచిది, కొనేవాళ్లతో కలిసి వాళ్ల బ్యాంకుకే వెళ్లి, కౌంటర్ దగ్గర మీ కళ్లెదుట ఆ చెక్కు రాయించుకోవడం.

ఇక ఫోన్‌లో డబ్బు పంపడం. ఇక్కడ స్క్రీన్‌షాట్ అనేది పెద్ద ఉచ్చు. నాకు రెండో వారంలో వచ్చిన ఒకాయన అడ్వాన్స్ వేశానని స్క్రీన్‌షాట్ పంపాడు, పేరు, తేదీ, టైమ్, ఆకుపచ్చ టిక్కు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. నా ఖాతాలో ఏమీ లేదు. "సర్వర్ స్లోగా ఉందండీ, సాయంత్రానికి వచ్చేస్తుంది, మా తమ్ముడు బయల్దేరాడు, కాగితాలు రెడీగా పెట్టండి" అని గంటలో ఏడు సార్లు ఫోన్ చేశాడు. నేను ఒకటే చెప్పాను, నా ఖాతాలో కనిపించాకే మాట్లాడదాం అని. ముందు కోపగించుకున్నాడు, తర్వాత బతిమాలాడు, ఆ తర్వాత మాయమయ్యాడు. అలాంటి స్క్రీన్‌షాట్లు తయారుచేసే నకిలీ యాప్‌లే ఉన్నాయని తర్వాత తెలిసింది. బ్యాంకు నుంచి వచ్చినట్టుండే మెసేజ్‌ని కూడా నమ్మకండి, ఎందుకంటే పంపినవాళ్ల పేరు బ్యాంకుదే అనిపించేలా మెసేజ్ పంపడం వాళ్లకి పెద్ద పని కాదు. మీ బ్యాంకు యాప్ మీరే తెరిచి, లేదా బ్యాంకుకి మీరే ఫోన్ చేసి బ్యాలెన్స్ చూసుకోండి. పెండింగ్ అని చూపిస్తుంటే అది రానట్టే లెక్క. కొన్ని రకాల చెల్లింపుల్లో పంపినవాళ్లు తర్వాత ఫిర్యాదు చేసి డబ్బు వెనక్కి లాక్కోవచ్చు, ముఖ్యంగా కార్డు నుంచి వచ్చినవి. అందుకే ఈ చెల్లింపు వెనక్కి పోయే రకమా కాదా అని బ్యాంకుని ముందే అడిగి పెట్టుకోవడం మంచిది.

డబ్బు తీసుకోవడానికి పిన్ కొట్టక్కర్లేదు, ఓటీపీ చెప్పక్కర్లేదు. "ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి, మీకు అడ్వాన్స్ పడుతుంది" అంటే ఆ కోడ్ డబ్బు పంపడానికి, మీ ఖాతాలోంచి. ఇంట్లో పెద్దవాళ్లు కారు అమ్ముతుంటే ఈ ఒక్క ముక్క వాళ్లకి దయచేసి కూర్చోబెట్టి చెప్పండి.

కోడ్ గురించే ఇంకో రకం ఉంది. "ఆన్‌లైన్‌లో మోసాలు ఎక్కువైపోయాయండీ, మీరు నిజమైన ఓనరేనా కాదా తెలుసుకోవాలి, మీ ఫోన్‌కి ఒక కోడ్ పంపుతున్నా, అది చెప్పండి చాలు" అంటారు. మోసాల గురించి వాళ్లే ముందు మాట్లాడతారు కాబట్టి మనకి నమ్మకం కుదురుతుంది. ఆ కోడ్ నిజానికి మీ నంబర్ మీద వాళ్లు కొత్త ఖాతా తెరవడానికో, మీ ఖాతా పాస్‌వర్డ్ మార్చడానికో వచ్చింది. మీ నంబర్‌తో తెరిచిన ఆ ఖాతాతో రేపు ఇంకొకరిని మోసం చేస్తారు.

నన్ను నిజంగా దాదాపు పడేసింది మాత్రం రిపోర్టు వ్యవహారం. ఒకాయన చాలా మర్యాదగా మాట్లాడాడు, కారు గురించి మంచి ప్రశ్నలే అడిగాడు, క్లచ్ ఎప్పుడు మార్చారని కూడా అడిగాడు. అన్నీ నచ్చాయి, ఆదివారం వచ్చి చూస్తాను, ఈలోగా కారు హిస్టరీ రిపోర్టు (పాత ఓనర్లు, ప్రమాదాల్లాంటి వివరాలుండేది) ఒకటి తీసి పంపండి, ఫలానా సైట్లో అయితే నమ్మకంగా ఉంటుంది అని లింకు ఇచ్చాడు. రిపోర్టు ఖరీదు పెద్దదేమీ కాదు, కారు అమ్ముడుపోతుందంటే ఎవరైనా కట్టేస్తారు. నేను కార్డు నంబర్ కొట్టబోతూ, వేరే రిపోర్టు తీసిస్తే సరిపోతుందా అని అడిగాను. కాదు, ఆ సైట్లోదే కావాలి అన్నాడు. అక్కడ ఆగిపోయాను. ఆ సైట్లు మోసగాళ్లవే, లేదా మనల్ని అక్కడికి పంపినందుకు వాళ్లకి కమీషన్ వస్తుంది, పైగా మన కార్డు వివరాలు కూడా అక్కడే ఉండిపోతాయి. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2018లోనే సరిగ్గా ఈ మోసం గురించి కారు అమ్మేవాళ్లని హెచ్చరించింది. కొనేవాళ్లకి రిపోర్టు కావాలంటే చాసిస్ నంబర్ తీసుకుని వాళ్లే తీయించుకోవచ్చు. డబ్బులు పెట్టేది కొనేవాళ్లు, అనుమానం ఉన్నదీ వాళ్లకే.

ఆ చాసిస్ నంబర్ గురించి కూడా ఒక మాట. చాలా దేశాల కార్లకి అది 17 అంకెలు, అక్షరాలతో ఉంటుంది, 1, 0 లతో కలిసిపోతాయని ఇంగ్లీషు అక్షరాల్లో ఐ, ఓ, క్యూ అందులో వాడరు. అది మీ కారుకి ఒక్కదానికే ఉండే గుర్తింపు. దొంగిలించిన కారుకి అదే రకం, అదే రంగు ఉన్న ఇంకో కారు నంబర్ అంటించి అమ్మేవాళ్లు ఉన్నారు. అందుకని అమ్మకం ఫోటోల్లో చాసిస్ నంబర్, రిజిస్ట్రేషన్ కాగితాలు, ఇన్సూరెన్స్ కాగితాలు పెట్టకండి. నిజంగా వచ్చి చూసి, నచ్చిందన్నవాళ్లకి చూపించండి. ఫోటోల్లో ఇంటి నంబర్, గేటు, వీధి కనపడకుండా చూసుకోండి, వాటిల్లో లొకేషన్ కూడా నమోదై ఉండొచ్చు కాబట్టి ఫోన్ కెమెరాలో అది ఆపేసి తీయండి.

మనుషులు ఎదురుగా వచ్చారంటే గండం గడిచిందనుకుంటాం. కాదు. ఇల్లు చూపించకుండా, పగటిపూట, జనం తిరిగే చోట, కెమెరాలున్న చోట కలవండి, పక్కన ఇంకొకరు ఉండాలి. ఇద్దరో ముగ్గురో కలిసి వస్తే మీ వైపు కూడా ఇద్దరుండాలి. ఎందుకో చెప్తా. నా స్నేహితుడొకడు కారు అమ్ముతుంటే ముగ్గురు వచ్చారు. ఒకడు కాగితాలు చూపించమని వీడిని పక్కకి తీసుకెళ్లాడు, ఇంకొకడు సీట్లు చూస్తున్నాడు, మూడోవాడు బానెట్ తెరిచి నిలబడ్డాడు. ఐదు నిమిషాలకి "ఇంజిన్ పోయిందండీ, చూడండి" అని పిలిచారు. కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) ట్యాంకు మూత తీస్తే లోపల నల్లగా ఆయిల్ తేలుతోంది. కూలెంట్‌లో ఆయిల్ కలిసిందంటే హెడ్ గాస్కెట్ పోయి ఉండొచ్చు, అంటే ఇంజిన్ విప్పాల్సిన పని, పెద్ద ఖర్చు. వీడి మొహం పాలిపోయింది. "మాకు తెలిసిన మెకానిక్ ఉన్నాడు, రిస్క్ మేం తీసుకుంటాం, సగం రేటుకి ఇచ్చేయండి" అన్నారు. వాడు బతికిపోయింది ఒకే ఒక్క కారణానికి, ముందు రోజే సర్వీసింగ్ చేయించి కూలెంట్ స్వయంగా చూసుకున్నాడు. మూడోవాడు చిన్న సీసాలో ఆయిల్ తెచ్చుకుని కూలెంట్ ట్యాంకులో పోశాడు. బ్రిటన్‌లో కూడా ఇదే పద్ధతి బాగా నడిచిందట, అక్కడ పొగ గొట్టంలో కూడా ఆయిల్ పోసి, స్టార్ట్ చేయగానే పొగ వచ్చేలా చేస్తారు. కాబట్టి బానెట్ తెరిచి ఉన్నంతసేపు మీ కళ్లు దాని మీదే ఉండాలి. ఎవరైనా ఏదైనా లోపం చూపిస్తే అక్కడికక్కడ రేటు తగ్గించకండి, "మా మెకానిక్‌కి చూపించి రేపు చెప్తా" అనండి. నిజంగా కొనేవాడు రేపు వస్తాడు.

టెస్ట్ డ్రైవ్‌కి ముందు లైసెన్స్ చూసి, ఫోటో తీసుకుని, అది మీ ఇంట్లోవాళ్లకి పంపించి, అప్పుడు బండి ఎక్కండి. మీరు పక్కన కూర్చోకుండా ఎవరికీ బండి ఇవ్వద్దు. మీ ఇన్సూరెన్స్ ఇంకొకరు నడిపినప్పుడు వర్తిస్తుందో లేదో ముందే కనుక్కోండి. మధ్యలో సీట్లు మారేటప్పుడు ఇంజిన్ ఆపి తాళం చేతిలో పట్టుకుని దిగాలి, మీరు దిగి అటువైపు నడిచేలోగా బండి తీసుకుపోయిన సంఘటనలు ఉన్నాయి. బటన్ నొక్కి స్టార్ట్ చేసే కార్లలో ఇది ఇంకా ముఖ్యం, తాళం మీ జేబులో ఉన్నా సరే, ఒకసారి స్టార్ట్ అయిన ఇంజిన్ చాలా కార్లలో తాళం దూరమైనంత మాత్రాన ఆగదు. డ్రైవ్ అయ్యాక వాళ్లు తిరిగిచ్చిన తాళం మీదేనా కాదా ఒకసారి డోర్ లాక్ చేసి చూసుకోండి. అచ్చం అలాగే ఉండే వేరే తాళం చేతిలో పెట్టి, రాత్రికి వచ్చి కారు పట్టుకుపోయేవాళ్లు ఉన్నారు.

లోన్ ఇంకా ఉన్న కారు అయితే ఇంకో రకం వల ఉంది, ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం ఎందుకంటే ఇందులో పడేవాళ్లు అప్పటికే కష్టాల్లో ఉన్నవాళ్లు. ఉద్యోగం పోయో, ఆస్పత్రి ఖర్చులు మీదపడో వాయిదాలు కట్టలేక కారు వదిలించుకోవాలనుకుంటారు. ఒకడు వచ్చి "కారు నాకిచ్చేయండి, మిగిలిన వాయిదాలు నేను కట్టుకుంటా, అంతా అయ్యాక నా పేరు మీదకి మార్చుకుంటా" అంటాడు. రెండు నెలలు కడతాడు కూడా. తర్వాత కారూ లేదు, మనిషీ లేడు, లోన్ మాత్రం మీ పేరు మీదే ఉంది, బ్యాంకు వాళ్లు మిమ్మల్నే అడుగుతారు. బ్యాంకుకి తెలియకుండా అలా ఇవ్వడం లోన్ ఒప్పందానికి కూడా విరుద్ధం. లోన్ ఉంటే ముందు ఆ బ్యాంకుతో మాట్లాడి, కొనేవాళ్లు ఇచ్చే డబ్బు నేరుగా లోన్‌కి జమయ్యేలా చూసి, బాకీ లేదన్న కాగితం తీసుకున్నాకే కారు కదలాలి.

పేరు మార్పు. డబ్బు వచ్చేసింది కదా, మిగతాది ఆయనే చూసుకుంటాడులే అని చాలామంది సంతకాలు పెట్టిన ఖాళీ కాగితాలు చేతిలో పెట్టేస్తారు. కొన్నది నిజంగా వాడుకునే మనిషి కాకపోతే ఆ ఖాళీ కాగితాలతోనే ఇంకొకరికి, అతను మరొకరికి అమ్ముకుంటూ పోతారు, రికార్డుల్లో ఓనర్ మాత్రం మీరే. ఆ కారు సిగ్నల్ దాటినా, టోల్ ఎగ్గొట్టినా నోటీసు మీ ఇంటికి వస్తుంది, ఎవరినైనా గుద్దితే పోలీసులు ముందు మీ తలుపే తడతారు. ఖాళీగా ఏ కాగితం మీదా సంతకం వద్దు. కొనేవాళ్ల పేరు, అడ్రసు, గుర్తింపు కార్డు నంబర్, ముట్టిన మొత్తం, మీటర్‌లో ఆ రోజున్న కిలోమీటర్లు, ఉన్నదున్నట్టుగా కారు అమ్ముతున్నామన్న మాట, మీకు తెలిసిన లోపాలు, ఇవన్నీ రాసి ఇద్దరూ సంతకం పెట్టి చెరొక కాపీ ఉంచుకోండి. తేదీతో పాటు టైమ్ కూడా రాయండి. సాయంత్రం నాలుగింటికి కారు ఇచ్చారు, ఆరింటికి ప్రమాదం జరిగింది, అప్పుడు ఆ టైమే మిమ్మల్ని కాపాడుతుంది. అమ్మిన సంగతి రిజిస్ట్రేషన్ ఆఫీసుకి మీరే తెలియజేయండి, కొన్నవాళ్లు చెప్తారని ఆగకండి. లోపాలు దాచకుండా రాయమన్నది కూడా మన కోసమే, తర్వాత ఎవరైనా వచ్చి "మీరు చెప్పలేదు, డబ్బు వెనక్కివ్వండి" అని బెదిరిస్తే చూపించడానికి కాగితం ఉంటుంది.

కారులో మన వివరాలు ఎన్ని ఉంటాయో నేను అప్పగించే రోజు చూసి కంగారుపడ్డాను. స్క్రీన్‌లో నా ఫోన్ కాంటాక్టులు, మా ఇంటి అడ్రసు, అమ్మ వాళ్ల అడ్రసు, గేటు రిమోట్. అన్నీ చెరిపేసి ఫ్యాక్టరీ రీసెట్ చేయండి, కంపెనీ యాప్‌లోంచి కారుని తీసేయండి, టోల్ కోసం అంటించిన ట్యాగ్ మీ ఖాతాకి ముడిపడి ఉంటే దాన్ని రద్దు చేయించండి.

మా కారు చివరికి ఒక దంపతులు కొన్నారు. రెండుసార్లు వచ్చి చూశారు, వాళ్ల మెకానిక్‌ని తెచ్చుకున్నారు, ఎడమవైపు వెనక డోర్ గీత గురించి అరగంట బేరం ఆడారు. ఆ బేరం వింటుంటే నాకు ఎంత హాయిగా అనిపించిందో. డబ్బు నా బ్యాంకులోనే, పని రోజు ఉదయాన ఇచ్చిపుచ్చుకున్నాం. శుక్రవారం సాయంత్రాలు, సెలవుకి ముందు రోజులు ఒప్పుకోకండి, బ్యాంకు తెరిచి లేనప్పుడు నిజానిజాలు తేల్చుకునే దారి ఉండదు కాబట్టే మోసగాళ్లు ఆ టైమ్ ఎంచుకుంటారు. నోట్ల రూపంలో ఇస్తే కౌంటర్ దగ్గరే లెక్కపెట్టించి, అసలువో కాదో చూపించి, అక్కడే జమచేసేయండి. ఖాతాలోకి డబ్బు చేరిందని బ్యాంకు ఆవిడ చెప్పాక జేబులోంచి తాళం తీశాను. స్పేర్ తాళం కూడా అప్పుడే ఇచ్చాను.

ఒకవేళ ఇప్పటికే మోసపోయి ఉంటే, సిగ్గుపడి కూర్చోకండి, ఆ నిమిషమే బ్యాంకుకి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చెప్తే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. తర్వాత పోలీసులకి. కోపంలో చాట్‌లు, కాల్ లిస్టు చెరిపేయకండి, మీ దగ్గరున్న సాక్ష్యం అదే. కొన్నాళ్లకి "మీ డబ్బు వెనక్కి తెప్పిస్తాం, ముందు కొంచెం ఫీజు కట్టండి" అని ఒక ఫోన్ రావచ్చు. చాలాసార్లు ఆ ఫోన్ చేసేది మోసపోయినవాళ్ల లిస్టు చేతిలో ఉన్న ఇంకో మోసగాడే. ఆ ఫీజు కట్టకండి.